ముల్లు పేరు చదివిన నాగమ్మ

అటక మీది పెట్టె

నాగమ్మది కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరు. ఆమెకు నలభై అయిదేళ్లు. కిందటేడు వయోజన విద్యా కేంద్రంలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. సంతకం చేస్తుంది. అంకెలు బాగా వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఇంకా రావు.

ఒకరోజు పాత సామాన్లు కొనేవాడు వీధిలోకి వచ్చాడు. నాగమ్మ అటక ఎక్కింది. పగిలిన బిందె, తుప్పు పట్టిన డబ్బాలు దించింది. వాటి వెనక ఒక పెట్టె కనిపించింది. మూత తీసి చూసింది. లోపల గుండ్రటి పళ్లెం ఉంది. దాని పక్కన సన్నటి చెయ్యి ఉంది. అది పాత రికార్డు ప్లేయర్. పక్కనే పాత చీరలో చుట్టిపెట్టిన నల్లటి రికార్డు ఒకటి ఉంది.

"పెట్టెకు నలభై రూపాయలిస్తా. రికార్డు నాకొద్దు" అన్నాడు కొనేవాడు.

అరుగు మీద అత్త సుబ్బమ్మ కూర్చుని ఉంది. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్లు. చూపు బాగా తగ్గింది. రికార్డు అన్న మాట విని చెయ్యి చాచింది.

"ఏదీ, ఇటియ్యి" అంది. అంచు తడిమింది. అంచున ఒకచోట చిన్న పెచ్చు ఊడింది. అక్కడ ఆమె వేలు ఆగింది.

"ఇది హరిశ్చంద్ర పద్యాల రికార్డే నాగమ్మా! మీ మామ పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టేవాడు. క్యాసెట్లు వచ్చాక అన్నీ అమ్మేశాడు. ఈ పెట్టె, ఈ రికార్డు మాత్రం అమ్మలేదు. రాత్రి అన్నాలు తిన్నాక వేసేవాడు. పోయేముందు ఒక్కసారి వింటే బాగుండు."

నాగమ్మ కొనేవాడి వైపు తిరిగింది.

"బిందె తీసుకో. పెట్టె అమ్మటం లేదు" అంది.

ముందే ప్లగ్గు పెట్టకూడదు

పక్క వీధిలో మస్తాన్ బాబాయ్ ఉంటాడు. నలభై ఏళ్లు రేడియోలు బాగుచేశాడు. ఇప్పుడు ముసలివాడయ్యాడు. నాగమ్మ పెట్టె తీసుకుని వెళ్లింది.

"ప్లగ్గు పెట్టి చూడనా బాబాయ్?" అని అడిగింది.

"ఆగమ్మా! ఏళ్ల తరబడి మూలపడిన పెట్టెకు ముందే కరెంటు ఇవ్వకూడదు. వైరు పైన రబ్బరు చూడు. ఎట్లా పగిలిందో! లోపలి తీగ ఇనుప రేకుకు తగిలితే షాకు కొడుతుంది. ప్రాణం పోతుంది" అన్నాడు మస్తాన్.

మొదట ఆయన పాత వైరు తీసేసి కొత్తది వేశాడు. కొన్ని పెట్టెలకు వెనక చిన్న స్విచ్చి ఉంటుంది. దాని మీద 110, 230 అనే అంకెలు ఉంటాయి. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. స్విచ్చి 230 మీదే ఉండాలి. నాగమ్మ ఆ అంకె చదివి చెప్పింది. సరిగానే ఉంది.

తర్వాత ఆయన ఒక బల్బును మధ్యలో పెట్టి, దాని గుండా కరెంటు ఇచ్చాడు. మెకానిక్కులు దాన్ని సీరీస్ బల్బు అంటారు. పెట్టెలో తీగలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది. బాగుంటే మసకగా వెలుగుతుంది. బల్బు మసకగానే వెలిగింది. పళ్లెం మెల్లగా కదిలింది. కానీ మూలిగినట్టు తిరిగింది.

"ఇది తెలిసినవాళ్లు చేసే పని. ఇంట్లో చెయ్యకూడదు" అన్నాడు మస్తాన్.

చుట్లు లెక్కపెట్టింది

కరెంటు తీసేశారు. పళ్లెం మధ్యలో ఉన్న చిన్న క్లిప్పు ఊడదీశారు. పళ్లెం పైకి వచ్చింది. కింద మోటారు ఉంది. మోటారుకూ పళ్లేనికీ మధ్య ఒక రబ్బరు చక్రం ఉంది. మోటారు ఈ చక్రాన్ని తిప్పుతుంది. చక్రం పళ్లేన్ని తిప్పుతుంది. కొన్ని పెట్టెల్లో చక్రానికి బదులు రబ్బరు బెల్టు ఉంటుంది.

రబ్బరు చక్రం గట్టిపడి నున్నగా మెరుస్తోంది. నున్నటి చక్రం జారుతుంది. అందుకే పళ్లెం సరిగా తిరగటం లేదు. మోటారులో నూనె ఎండి బంకలా అయింది.

"కొబ్బరినూనె వెయ్యనా?" అంది నాగమ్మ.

"వద్దమ్మా. కొబ్బరినూనె కొన్నాళ్లకు బంక కడుతుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. అది కూడా మోటారు ఇరుసుకే. రబ్బరుకు నూనె తగలకూడదు. తగిలితే మళ్లీ జారుతుంది."

నాగమ్మ గుడ్డకు స్పిరిట్ అద్దింది. ఇంజెక్షను ఇచ్చేముందు నర్సమ్మ రుద్దే స్పిరిట్ అలాంటిదే. దాంతో పాత బంక తుడిచింది. రబ్బరు చక్రం అంచును కూడా తుడిచింది. మస్తాన్ ఆ అంచును సన్నటి గరుకు కాగితంతో కొద్దిగా రుద్దాడు.

పెట్టె మీద నాలుగు అంకెలు ఉన్నాయి. 16, 33, 45, 78. ఇవి వేగాలు. 78 అంటే పళ్లెం నిమిషానికి 78 చుట్లు తిరగాలి. 45 అంటే 45 చుట్లు. 33 అని రాసి ఉన్నా, అసలు లెక్క 33 చుట్లు, ఇంకో చుట్టులో మూడో వంతు. వేగం తగ్గితే ఆడగొంతు మగగొంతులా వినిపిస్తుంది. పెరిగితే మగగొంతు చిన్నపిల్ల గొంతులా వినిపిస్తుంది.

వేగం చూడటానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. పళ్లెం అంచున కాగితం ముక్క అతికించాలి. గడియారం పక్కన పెట్టుకోవాలి. కాగితం ముక్క ఎన్నిసార్లు ముందుకు వస్తుందో లెక్కపెట్టాలి.

తుడవక ముందు మస్తాన్ అరనిమిషం చూశాడు. 34 చుట్లు వచ్చాయి. 78లో సగం 39. అయిదు చుట్లు తక్కువ. తుడిచాక నాగమ్మ లెక్కపెట్టింది. 37, 38, 39! అరనిమిషం సరిగ్గా అయింది. నాగమ్మ నోట్సులో 39 అని రాసుకుంది.

పాట ముల్లు దగ్గర పుడుతుంది

"పళ్లెం తిరిగినంత మాత్రాన పాట రాదమ్మా. ఇప్పుడు ముల్లు చూడాలి" అన్నాడు మస్తాన్.

రికార్డు మీద సన్నటి గాడి ఉంటుంది. బయటి అంచు నుంచి లోపలికి చుట్టలు చుట్టలుగా పోతుంది. పాడినవాళ్ల గొంతును బట్టి ఆ గాడి వంకరలు తిరిగి ఉంటుంది. ముల్లు గాడిలో నడుస్తుంది. వంకరలను బట్టి వణుకుతుంది. ముల్లు పైన గోరంత పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. ముల్లు వణుకును అది కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు చాలా చిన్నది. దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. స్పీకర్ నుంచి పాట వినిపిస్తుంది.

కార్ట్రిడ్జ్ లోపల ఏముంటుంది? చాలా పాతవాటిలో ఒక రకం ఉప్పు పలుకు ఉంటుంది. దాన్ని రోషెల్ ఉప్పు అంటారు. మన కూరల్లో వేసే ఉప్పు కాదు. కానీ దానికీ చెమ్మ పడదు. సముద్రపు గాలికి, ఎండ వేడికి అది పాడవుతుంది. తర్వాత వచ్చినవాటిలో పింగాణీ లాంటి పలుకు పెట్టారు. అది ఎక్కువ కాలం ఉంటుంది. ఇంకో రకంలో అయస్కాంతం ఉంటుంది.

మస్తాన్ చిన్న కుంచెతో ముల్లును మెల్లగా తాకాడు. స్పీకర్‌లో గరగరమంది.

"ప్రాణం ఉంది!" అన్నాడు. "చప్పుడు రాకపోతే కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాల్సి వచ్చేది."

కార్ట్రిడ్జ్‌కు చిన్న మీట ఉంది. ఒకవైపు తిప్పితే 78 రికార్డుల ముల్లు కిందికి వస్తుంది. రెండోవైపు తిప్పితే ఎల్.పి. రికార్డుల ముల్లు వస్తుంది. 78 ముల్లు మొన, ఎల్.పి. ముల్లు మొనకన్నా సుమారు మూడు రెట్లు లావు. 78 గాడి వెడల్పు కనుక దానికి లావు ముల్లు కావాలి. సన్న ముల్లు పెడితే గాడి అడుగుకు జారుతుంది. గరగర ఎక్కువవుతుంది. ఎల్.పి. మీద లావు ముల్లు పెడితే సన్నటి గాడి చెడిపోతుంది. అరిగిన గాడిని మళ్లీ ఎవరూ చెయ్యలేరు. పోయిన గొంతు తిరిగి రాదు.

మస్తాన్ భూతద్దం నాగమ్మ చేతికిచ్చాడు. ఎల్.పి. ముల్లు బాగానే ఉంది. 78 ముల్లుకు మొన లేదు.

సుబ్బమ్మకు ఈ సంగతి చెబితే నవ్వింది.

"మీ మామ చేసిన పనే! చెయ్యి ఎగురుతోందని దాని నెత్తిన పావలా బిళ్ళ పెట్టేవాడు."

అప్పట్లో చాలామంది అట్లాగే చేసేవారు. కానీ బరువు పెరిగితే ముల్లూ అరుగుతుంది, రికార్డూ అరుగుతుంది. ఇలాంటి పాత కార్ట్రిడ్జ్‌కు సాధారణంగా 4 నుంచి 6 గ్రాముల బరువు చాలు. అయస్కాంతం ఉన్నవాటిలో ఎక్కువ వాటికి 2 గ్రాముల దగ్గర సరిపోతుంది.

తలకిందుల అంకె

కొత్త ముల్లు కొనాలి. ఏ ముల్లు? ప్రతి కార్ట్రిడ్జ్‌కూ దాని ముల్లు దానికే ఉంటుంది. గాజులకు కొలత ఉన్నట్టే. పేరు, నంబరు తెలిస్తేనే సరైనది దొరుకుతుంది. అవి కార్ట్రిడ్జ్ మీదే రాసి ఉంటాయి.

మస్తాన్ చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. ఎంత చూసినా ఆయనకు కనిపించలేదు.

"నా చేతికి పని తెలుసు. కంటికి అక్షరం ఆనటం లేదు. నువ్వు చదవమ్మా" అన్నాడు.

నాగమ్మకు భయం వేసింది. ఆవగింజంత అక్షరాలు. అవీ ఇంగ్లీషువి. భూతద్దం పెట్టి చూసింది.

"16 అని ఉంది బాబాయ్" అంది.

"16 వేగం నంబరు కదా! ముల్లు దగ్గర ఎందుకు రాస్తారు? ఆ పక్కన ఏముంది?"

"ఏవో అక్షరాలు. నాకు రావు."

"రాకపోతే బొమ్మ గియ్యి. ముగ్గులు వేసే చెయ్యే కదా నీది! పెద్దగా గీస్తే నేను చదువుతా."

నాగమ్మ నోట్సు తీసింది. కనిపించింది కనిపించినట్టు పెద్దగా గీసింది. మస్తాన్ కాగితం దూరంగా పట్టుకుని చూశాడు. తల గోక్కున్నాడు. ఆ అక్షరాలు ఆయనకూ అర్థం కాలేదు.

నాగమ్మ కాగితం వైపు, కార్ట్రిడ్జ్ వైపు మార్చి మార్చి చూసింది. కేంద్రంలో మొదట్లో ఆమె 6, 9 ఒకదానికొకటి రాసేది. కాగితం తిప్పితే 6 కాస్తా 9 అవుతుందని టీచరమ్మ చూపించింది. అది గుర్తొచ్చింది. కాగితం తలకిందులు చేసింది.

16 కాదు. 91!

"బాబాయ్! మనం తలకిందులుగా చూస్తున్నాం."

మస్తాన్ గబగబా కాగితం అందుకున్నాడు.

"జి, పి, 91! పైన రాసింది ఏకాస్. ఇంగ్లండు కంపెనీ. సరిగ్గా పట్టావమ్మా!" అన్నాడు.

నాగమ్మ ఆ నాలుగింటినీ మళ్లీ రాసింది. జి, పి, 9, 1. ఈసారి నిటారుగా రాసింది. ఆ రోజు ఆమె రెండు ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంది.

కొట్టులో

నాగమ్మ విజయవాడ వెళ్లింది. పాత ముల్లు అగ్గిపెట్టెలో దూది మీద పెట్టుకుంది. నోట్సు కూడా పట్టుకుంది.

ఒక కొట్టులో అడిగింది. కొట్టాయన ఒక ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏ ముల్లైనా ఒకటేనమ్మా. ఇది పట్టుకెళ్లు" అన్నాడు.

నాగమ్మ ప్యాకెట్టు చదివింది. జి, పి. ఆ రెండూ సరిపోయాయి. తర్వాత 6, 7.

"ఇది 67 అండీ. నాకు 91 కావాలి" అంది. నోట్సు చూపించింది.

కొట్టాయన ఆమె వైపు ఒకసారి చూశాడు. లోపలికి వెళ్లి ఇంకోటి తెచ్చాడు. దాని మీద 91 ఉంది. నాగమ్మ డబ్బు తియ్యబోయి ఆగింది. మస్తాన్ బాబాయ్ చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. ఈ రోజుల్లో వచ్చే కొన్ని ముళ్లకు రెండు వైపులా ఎల్.పి. మొనే ఉంటుంది. ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. 78 అనే అంకె ఎక్కడా లేదు.

"ఇందులో 78 ముల్లు ఉందాండీ?"

"లేదమ్మా. తెప్పించాలి. పదిహేను రోజులు పడుతుంది."

"తెప్పించండి. ఆగుతాను."

అడగకపోతే ఏమయ్యేది? డబ్బు పోయేది. అత్త వినాలనుకున్న రికార్డు మీద తప్పు ముల్లు నడిచేది.

లక్క రికార్డు

ముల్లు వచ్చేలోగా నాగమ్మ రికార్డు శుభ్రం చేద్దామనుకుంది. స్పిరిట్ సీసా తీసింది. మస్తాన్ పరుగున వచ్చి ఆపాడు.

"దాని మీద స్పిరిట్ పోస్తే రికార్డు కరుగుతుందమ్మా! అది లక్క!"

నిజమే. పాత 78 రికార్డులు లక్కతో చేసేవారు. గాజులు చేసే లక్కే. చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగుల నుంచి అది వస్తుంది. శుద్ధి చేసిన లక్కలో రాతిపొడి, నల్లరంగు కలిపి అచ్చు పోసేవారు. అందుకే ఆ రికార్డు బరువుగా ఉంటుంది. కింద పడితే పెంకులా పగులుతుంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవాలి. వెంటనే పొడి గుడ్డతో తుడవాలి. మధ్యలో ఉన్న కాగితం తడవకూడదు. దాని మీదే పాట పేరు ఉంటుంది.

ఎల్.పి. రికార్డులు 1948లో అమెరికాలో మొదలయ్యాయి. అవి లక్క కాదు, ఒక రకం ప్లాస్టిక్కు. వంగుతాయి, తేలిగ్గా పగలవు. కానీ గీతలు త్వరగా పడతాయి.

మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ 1902లో కలకత్తాలో పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టింది. తొలి రోజుల్లో పాడినవారిలో గౌహర్ జాన్ అనే గాయని ఒకరు. అప్పుడు రికార్డులు ఇక్కడ అచ్చయ్యేవి కావు. ఓడ మీద జర్మనీకి పంపేవారు. అక్కడివాళ్లకు ఏది ఎవరి పాటో తెలియదు. అందుకని ఆమె పాట చివర తన పేరు పైకి చెప్పేది. అది విని వాళ్లు పేరు రాసేవాళ్లు. 1908లో కలకత్తాలోనే రికార్డుల ఫ్యాక్టరీ వచ్చింది.

ఆ గీత దగ్గర

పదిహేను రోజులు అన్నది ఇరవై రోజులైంది. ముల్లు వచ్చింది. నాగమ్మ ముందు ప్యాకెట్టు చదివింది. 91 ఉంది. 78 ఉంది. అప్పుడే డబ్బిచ్చింది.

మస్తాన్ ముల్లు బిగించాడు. చెయ్యి బరువు చిన్న కాటాతో చూశాడు. నాగమ్మ అంకె చదివింది. 5 గ్రాములు.

రాత్రి అన్నాలు తిన్నారు. సుబ్బమ్మ పెట్టె పక్కన చాప మీద కూర్చుంది. నాగమ్మ వేగం 78 మీద పెట్టింది. మీట 78 వైపు తిప్పింది. చెయ్యి మెల్లగా దించింది.

మొదట గరగరమంది. తర్వాత హార్మోనియం వినిపించింది. ఆ వెనకే పద్యం అందుకుంది. సుబ్బమ్మ కదలలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఆమెకు పద్యం అంతా వచ్చు.

కొంతసేపటికి ముల్లు ఒకచోట ఆగింది. అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తోంది.

"అయ్యో, గీత ఉందత్తా! ముందు చూడలేదు" అంది నాగమ్మ కంగారుగా.

"ఉంటుందే. అక్కడ మీ మామ చిటికెన వేలితో కొంచెం నెట్టేవాడు. రోజూ నెట్టేవాడు" అంది సుబ్బమ్మ.

నాగమ్మ చిటికెన వేలు పెట్టి కొంచెం నెట్టింది. పద్యం ముందుకు సాగింది.

గుర్తుంచుకుందాం

1. మూలపడిన కరెంటు వస్తువుకు ముందే ప్లగ్గు పెట్టకూడదు. వైరు చూపించుకోవాలి.
2. రబ్బరుకు నూనె తగలకూడదు. ఇరుసుకు ఒక్క చుక్క చాలు.
3. కార్ట్రిడ్జ్ మీది పేరు, నంబరు రాసుకోవాలి. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి కూడా చదవవచ్చు.
4. పేరు చెరిగిపోతే పాత ముల్లు వెంట తీసుకెళ్లాలి. మీట ఉందా, వెనక ఎన్ని తీగలు ఉన్నాయో చూసుకోవాలి.
5. 78 రికార్డుకు 78 ముల్లు. ఎల్.పి. రికార్డుకు ఎల్.పి. ముల్లు.
6. ముల్లు మొన నీలంతోనో వజ్రంతోనో చేస్తారు. నీలం మొన కొన్ని పదుల గంటల్లోనే అరుగుతుంది. వజ్రం మొన కొన్ని వందల గంటలు వస్తుంది. ఏదో ప్యాకెట్టు మీద చూడాలి.
7. లక్క రికార్డుకు స్పిరిట్ తగలకూడదు.

మాటలు – అర్థాలు

గాడి = సన్నటి కాలువ లాంటి గీత
ఇరుసు = చక్రం తిరిగే కడ్డీ
భూతద్దం = చిన్నవాటిని పెద్దగా చూపే అద్దం
కాటా = తూకం వేసే సాధనం
చెమ్మ = తడి

జవాబులు చెప్పండి

1. మస్తాన్ బాబాయ్ ముందే ప్లగ్గు ఎందుకు పెట్టనివ్వలేదు?
2. నాగమ్మకు 91 అనే అంకె 16 లాగా ఎందుకు కనిపించింది?
3. కొట్టాయన ఇచ్చిన రెండు ప్యాకెట్లూ నాగమ్మ ఎందుకు తీసుకోలేదు?
4. 78 రికార్డును స్పిరిట్‌తో ఎందుకు తుడవకూడదు?

లెక్క చెయ్యండి

1. అరనిమిషానికి 34 చుట్లు అయితే నిమిషానికి ఎన్ని? 78కి ఎన్ని తక్కువ?
2. 45 వేగం మీద రెండు నిమిషాలకు ఎన్ని చుట్లు?
3. 33 వేగం మీద సరిగ్గా తిరిగే పళ్లెం మూడు నిమిషాలకు 100 చుట్లు తిరుగుతుంది. ఎట్లాగో మీ కేంద్రంలో మాట్లాడుకోండి.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న ఒక మిషను మీద రాసి ఉన్న పేరు, నంబరు చూడండి. మిక్సీ, ఫ్యాను, కుట్టుమిషను, ఏదైనా సరే. మీ నోట్సులో రాసుకోండి. దానికి సామాను కొనేటప్పుడు ఆ నోట్సు వెంట తీసుకెళ్లండి.